వేట, వల, స్థానికత

వేసవి ముదిరి చెరువు నీరు మోకాటిలోతునకు దిగిన దినమున తెలంగాణమునందలి ఏ గ్రామమునకైనను పోయి చూడుడు. తెల్లవారకముందే కట్టమీద జనము గుమిగూడియుందురు. వలలు భుజమున వేసికొన్న జాలరులు ఒకవైపు, తట్టలతో వచ్చిన స్త్రీలు ఒకవైపు, పట్టణమునుండి బండ్లతో వచ్చిన వర్తకులు మరియొకవైపు నిలిచియుందురు. పిల్లలు బురదలో చేతులతో జెల్లలను తడవుచుందురు. ఆ సందడిలో ఒక ప్రశ్న అందరి మనస్సులందును మెదలుచునే యుండును. ఈ చేప ఎవరిది? వల విసరినవానిదా? గుత్త చెల్లించినవానిదా? చెరువు నీటితో వరి పండించుకొను రైతుదా? ఆ ఊర పుట్టిపెరిగిన ప్రతివానిదా? పొరుగూరినుండి గాలము పట్టుకొని వచ్చిన వానికి ఇచ్చట చోటు కలదా, లేదా?

ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును గాని, దీని వెనుక రెండువేల యేండ్లకు పైబడిన చరిత్ర కలదు. అడవిలో వేటాడుటకును, నీటిలో వల వేయుటకును ప్రభువు అనుమతి కావలెననుట మొదటి మెట్టు. ఆ అనుమతి స్థానికునకు ఒక విధముగను, పరాయివానికి మరియొక విధముగను ఉండవలెననుట రెండవ మెట్టు. అమెరికా రాష్ట్రములలో ఈ రెండవ మెట్టు మిక్కిలి స్పష్టముగా కనబడును. అచ్చటి ప్రతి రాష్ట్రమును వేట లైసెన్సునకు, చేపల లైసెన్సునకు రెండు ధరలు పెట్టును. ఆ రాష్ట్ర నివాసి యైనచో తక్కువ, కానిచో ఎక్కువ. మన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో అట్టి రెండు ధరల చీటి కనబడదు. కాని “స్థానికుడెవడు?” అను ఆ ప్రశ్నయే ఇచ్చట వేరు వేషములలో పలుమారులు ప్రత్యక్షమైనది. ఆ వేషములను వరుసగా చూచుటయే నేటి ప్రసంగోద్దేశము.

ప్రాచీనులు ఈ విషయమును పట్టించుకొనకపోలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున నావాధ్యక్షుడను అధికారిని గూర్చి చెప్పుచు, జాలరులు రాజు పడవలు వాడుకొనినందులకు తాము పట్టిన చేపలలో ఆరవపాలు చెల్లించవలెనని విధింపబడినది. అనగా నీటిపై రాజునకు స్వామ్యము, శ్రమపై జాలరికి స్వామ్యము అను విభజన ఆనాటికే ఏర్పడినది. అశోక చక్రవర్తి తన ఐదవ స్తంభశాసనమున చంపరాని ప్రాణుల పట్టికను ప్రకటించి, కొన్ని పర్వదినములలో చేపలను పట్టుటను అమ్ముటను నిషేధించెను. ఇది అనుమతి కాదు, నియమము. ఫలానివాడు పట్టవచ్చును, ఫలానివాడు పట్టరాదు అని ఆ శాసనమున లేదు. ఎవ్వరును పట్టరాని దినములు కలవని మాత్రమే అందున్నది. నిషిద్ధకాలమును గూర్చిన నేటి నియమములకు దీనిని తొలిరూపముగా భావింపవచ్చును.

పండ్రెండవ శతాబ్దిలో కళ్యాణి చాళుక్య చక్రవర్తి సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమున మృగయావినోదముతోపాటు మత్స్యవినోదమునకును ప్రత్యేక ప్రకరణము కలదు. కాకతీయులు మొదట ఆ చాళుక్యులకు సామంతులు. కనుక ఓరుగంటి ప్రాంతపు ప్రభువులకును ఈ వినోదములు క్రొత్తవి కావని ఊహింపవచ్చును. ఇచ్చట గమనింపవలసినది ఒక్కటి. రాజునకు వేటయు గాలమును వినోదము. కోయవానికి వేటయు, బెస్తవానికి వలయు జీవనము. ఒకే మృగము, ఒకే చేప. కాని ఒకనికది పొద్దుపోక, మరొకనికది సాయంకాలపు కూడు. ఈ భేదమును మనస్సున నుంచుకొనినచో తరువాతి కథయంతయు సులభముగా బోధపడును.

కాకతీయుల కాలమున ఈ ప్రాంతము చెరువుల దేశమైనది. గణపతిదేవ చక్రవర్తి సోదరి మైలాంబ నేటి మహబూబాబాదు జిల్లాలోని బయ్యారమున ధర్మకీర్తిసముద్రమను పెద్ద చెరువును త్రవ్వించెను. ఆ చెరువుకట్ట మీది శాసనము కాకతీయ వంశక్రమమును తెలుపుటచే చరిత్రకారులకు అమూల్యమైనది. నర్సంపేట అడవులలో జగదాల ముమ్మడి పాకాల చెరువును నిర్మించెను. భూపాలపల్లి జిల్లాలోని గణపురమున గణపసముద్రము, దానికి కొంత దూరమున రేచర్ల రుద్రుడు నిర్మించిన రామప్ప చెరువు, అడవికొండల నడుమ లక్నవరము ఆ యుగపు కానుకలే. ఏడువందల యేండ్లు గడచినను వీనిలో నీరు నిలుచుచునే యున్నది, చేప ఎదుగుచునే యున్నది.

ఆనాడు చెరువు కట్టించినవానికిని, బాగుచేసినవానికిని “దశబంధము” అను మాన్యమిచ్చు ఆచారముండెను. చెరువు క్రింద సాగగు భూమిలో గాని ఫలములో గాని పదవ వంతు వానికి చెందును. ఈ ఆచారములోని తత్త్వము మిక్కిలి విలువైనది. ఊరిలో నివసించుట మాత్రముచేతనే హక్కు రాలేదు. ఊరి చెరువునకు చాకిరి చేయుటచేత వచ్చినది. గండి పడినపుడు మట్టి మోసినవాడు, పూడిక తీసినవాడు, తూము కాపాడినవాడు చెరువునకు సొంతమనిషి. స్థానికత యనగా ఇంటిచూరు లెక్క కాదు, బాధ్యత లెక్క. నివాసమును గూర్చిన నియమములన్నింటిని తూచుటకు ఇంతకంటె మంచి తూకపురాయి నాకు కనబడదు.

ఇక అసఫ్‌జాహీ ప్రభువుల కాలమునకు వత్తము. మానుకోటకు మహబూబాబాదను పేరు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను మీదుగా వచ్చినది. 1869 మొదలు 1911 వరకు రాజ్యమేలిన ఆ ప్రభువు పులివేటలో ప్రసిద్ధుడు. 1889లో నిజాము రైలుమార్గము బెజవాడ చేరిన పిమ్మట ఓరుగల్లు దక్షిణమునందలి అడవులు వేటగాండ్రకు మరింత దగ్గరైనవి. 1902 ఏప్రిలులో వైస్రాయి కర్జను ప్రభువు సతీసమేతుడై నెక్కొండ యొద్ద విడిది చేసి పులులను వేటాడెను. రాజా దీనదయాళు ఛాయాచిత్రశాల వారు తీసిన ఆ చిత్రము నేటికిని నిలిచియున్నది. చంపిన పులి ముందు దొరయు దొరసానియు ఠీవిగా కనబడుదురు.

ఆ చిత్రమును చూచినపుడెల్ల ఒక ఆలోచన కలుగును. కర్జను ప్రభువు ఈ దేశమున నివాసి కాడు, ఈ సంస్థానమున ప్రజ కాడు, ఈ అడవిలో ఒక్క రాత్రి చలి కాచుకొన్నవాడును కాడు. అయినను అడవిలోని ఉత్తమమృగము ఆయనకు వేటగా సమర్పింపబడినది. తరతరములుగా ఆ అడవిలోనే పుట్టి, ఆ అడవిలోనే గిట్టిన కోయవానికి మాత్రము అడవి క్రమక్రమముగా “సర్కారుది” అయినది. సంరక్షితారణ్యముల హద్దురాళ్లు నాటబడినవి. కట్టెకు, మేతకు, పోడుకు, వేటకు అటవీ ఉద్యోగి అనుమతి కావలసివచ్చినది. ఇది నివాసనియమమునకు సరిగా తలక్రిందులైన నియమము. దూరమునుండి వచ్చిన అతిథికి తలుపు తెరచి, ఇంటివానికి తలుపు మూయుట.

ఇంగ్లాండు చరిత్రలో దీనికి పోలిక కలదు. అచ్చట నార్మను రాజులు అడవులను తమ వేటకై ప్రత్యేకించి, జింకను చంపిన పేదవానికి కనులు పెరికించుట, ప్రాణము తీయుట వంటి క్రూరదండనలు విధించిరి. 1217లో వెలువడిన అరణ్యశాసనము ఆ క్రౌర్యమును తగ్గించి, రాజు మృగముల కొరకు ఎవనికిని ప్రాణహాని గాని అంగహాని గాని కలుగరాదని నిర్ణయించెను. అడవిలో పందులను మేపుకొనుటకు, కట్టె తెచ్చుకొనుటకు అచ్చటి నివాసులకు గల హక్కులను అంగీకరించెను. మన దేశమున బ్రిటిషువారి పాలనలో 1879లో నీలగిరి మృగమత్స్యసంరక్షణ చట్టము పుట్టినది. వేటకు లైసెన్సు పద్ధతిని ప్రవేశపెట్టిన తొలిచట్టములలో నది యొకటి. 1897లో భారత మత్స్యచట్టము వచ్చి, నీటిలో మందుగుండు ప్రేల్చుటను, విషము కలుపుటను నేరములు గావించెను. కాని నిజాము రాజ్యము వేరు ప్రభుత్వము. ఆ చట్టములకు ఇచ్చట చెల్లుబాటు లేదు.

ఈ వేరుపాటు గోదావరి తీరమున విచిత్రముగా కనబడెను. 1860లో నిజాము ప్రభువు గోదావరికి ఆవలి తాలూకాలను ఆంగ్లేయులకు ఒప్పగించెను. సిరొంచ, నూగూరు, ఆల్బాక, చర్ల ఆవలివైపు పోయినవి. కాళేశ్వరము, మహాదేవపురము, ఏటూరునాగారము ఈవలివైపు నిలిచినవి. పిమ్మట 1909లో నూగూరు, ఆల్బాక, చర్ల తాలూకాలు మధ్యపరగణాలనుండి మద్రాసు రాజధానిలో చేరెను. ఆవలి గట్టునను కోయలే, ఈవలి గట్టునను కోయలే. అన్న ఒక గట్టున, తమ్ముడొక గట్టున. కాని అడవి చట్టము రెండు, అధికారులు రెండు, అనుమతి చీట్లు రెండు. నది మధ్య గీసిన గీతను చేప యెరుగదు, దుప్పి యెరుగదు. ఆ గీతచేత నియమబద్ధుడైనవాడు మనుష్యుడొక్కడే. నివాసమును సరిహద్దురేఖతో కొలచునపుడు కలుగు చిక్కునకు ఇంతకంటె మంచి ఉదాహరణము వేరొకటి అక్కరలేదు.

1940లో ఆసిఫాబాదు అడవులలో కొమురం భీము తిరుగబడి ప్రాణములర్పించెను. జలము, అడవి, భూమి తమవని గిరిజనులు పలికిన పలుకు ఆ తిరుగుబాటు పేరున నిలిచినది. ఆ తరువాతనే నిజాము ప్రభుత్వము మానవశాస్త్రజ్ఞుడైన హైమెన్‌డార్ఫును గిరిజన విషయములలో సలహాదారుగా నియమించెను. 1945లో ప్రకటితమైన ఆయన నివేదికలు అటవీ సిబ్బందివలనను, బయటినుండి వచ్చిన భూస్వాములవలనను గిరిజనులు పడుచున్న యాతనలను వెల్లడించెను. గిరిజన ప్రాంతములకు ప్రత్యేక నిబంధనలుండవలెనను భావము ప్రభుత్వమున బలపడినది.

అడవి కథ ఇట్లుండగా, మైదానమునందలి చెరువుల కథ వేరు. జనగామ తాలూకా అప్పుడు నల్లగొండ జిల్లాలోనిది; 1953లో వరంగల్లు జిల్లాలో చేరినది. జాగీర్దారులు, దేశముఖులు పాలించిన గ్రామములలో చెరువుమీద పెత్తనము గడివారిది. కులవృత్తుల వారందరును వెట్టి చేయవలసియుండెను. బెస్తలు, బోయలు దొరల మేనాలు మోయుటయు అందొక భాగము. నీటిమీద బ్రతుకువాడు నీటికి యజమాని కాలేదు. వాని భుజములకు సైతము వేరొకడు యజమాని యయ్యెను. ఆ వ్యవస్థపై జరిగిన పోరాటమున 1946 జూలై 4న జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండునకు బలియయ్యెను. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య, 1949లో జాగీర్ల రద్దు జరిగినవి. దొర చెరువు మరల ఊరి చెరువగుటకు త్రోవ యేర్పడినది.

స్థానికతను గూర్చి చెప్పునపుడు హైదరాబాదు సంస్థానపు ముల్కీ నిబంధనలను మరువరాదు. 1919 ఫర్మానా ప్రకారము పదునైదేండ్లు ఎడతెగక ఈ రాజ్యమున నివసించినవాడు ముల్కీ; వానికే సర్కారు కొలువు. ఇది వేటకు సంబంధించిన నియమము కాదు. కాని ఈ ప్రాంతమున “నివాసి” అను మాటకు గల భారమంతయు దీనినుండియే వచ్చినది. 1952లో వరంగల్లున మొదలైన ముల్కీ ఆందోళనము, 1969 నాటి తెలంగాణ ఉద్యమము ఈ మాట చుట్టు తిరిగినవే. 1972లో సర్వోన్నత న్యాయస్థానము ఆ నిబంధనలు చెల్లునని తీర్పు చెప్పెను. 1973లో పార్లమెంటు చట్టము వానిని రద్దుచేయగా, రాజ్యాంగ సవరణము వేరు ఏర్పాటు చేసెను. కొలువునకు పదునైదేండ్ల నివాసమడిగిన ప్రజలు, తమ చెరువులో చేపకు ఎన్నియేండ్ల నివాసమడుగుదురో ఊహింపవచ్చును.

స్వాతంత్ర్యానంతరము వేటకథ క్రమముగా ముగింపునకు వచ్చినది. 1952-53 ప్రాంతమున పాకాల, ఏటూరునాగారము అడవులు వన్యప్రాణి సంరక్షణ కేంద్రములైనవి. 1970లో దేశమంతట పులివేట నిషేధింపబడెను. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. ఆ చట్టమును కోరుచు తీర్మానములు చేసిన రాష్ట్రములలో ఆంధ్రప్రదేశము ఒకటి. ఆ చట్టము మొదట వేటను పూర్తిగా మాన్పలేదు. కొన్ని మృగములను సంపూర్ణముగా రక్షించి, తక్కినవానికి పెద్దవేట, చిన్నవేట, పట్టివేత మొదలగు లైసెన్సులను ఏర్పరచెను. 1991లో వచ్చిన సవరణము ఆ లైసెన్సుల పద్ధతినే ఎత్తివేసెను. నేడు మన రాష్ట్రమున వినోదము కొరకు వేటాడుటకు స్థానికునకును లైసెన్సు లేదు, పరాయివానికిని లేదు. పంటలను పాడుచేయు అడవిపంది వంటి జంతువు విషయమున అధికారులు ప్రత్యేకముగా అనుమతి యిత్తురు. అదియు అవసరమును బట్టి కాని, నివాసమును బట్టి కాదు.

ఇందు ఒక న్యాయమును, ఒక వేదనయు కలవు. న్యాయమేమనగా, కర్జను ప్రభువునకును కోయవానికిని నేడు ఒకే చట్టము. పులిని చంపు గొప్పతనము ఎవ్వనికిని లేదు. వేదనయేమనగా, కోయలకు వేట వినోదము కాదు. అది పండుగలో భాగము. విత్తనములు చల్లుటకు ముందు వచ్చు భూమిపండుగ దినములలో పురుషులు విల్లమ్ములతో అడవికి పోవుట, రిక్తహస్తములతో వచ్చినవానిని స్త్రీలు పరిహసించుట అనాదిగా వచ్చుచున్న ఆచారము. చట్టము ఈ రెండు వేటలను వేరుచేయలేదు. అడవిలో మృగములు తగ్గిపోయినందున వేరుచేయుట సాధ్యమును కాలేదు. రాజుల వినోదము తరిగించినదానికి గిరిజనుని పండుగయు మూల్యము చెల్లించినది.

చేపల కథ ఇట్లు ముగియలేదు; నానాటికి పెరిగినది. 1964 సహకార సంఘముల చట్టము క్రింద గ్రామగ్రామమున మత్స్యపారిశ్రామిక సహకార సంఘములు ఏర్పడినవి. హరాజులో ఎక్కువ పాడిన వర్తకునకు చెరువు నిచ్చుటకు మారుగా, ఆ ఊరి జాలరుల సంఘమునకు గుత్త కిచ్చు పద్ధతి బలపడినది. సంఘమునకొక కార్యపరిధి యుండును. ఆ పరిధిలో నివసించుచు చేపలు పట్టుట వృత్తిగా గలవాడే సభ్యుడు. సభ్యత్వమునకు ముందు వల విసరుట మొదలగు పనులలో నైపుణ్యమును పరీక్షించు పద్ధతియు వచ్చినది. పెద్ద జలాశయములలో సంఘమునకు గుత్త యీయక, ఒక్కొక్క జాలరికి ఏటేట లైసెన్సు ఇత్తురు. గ్రుడ్లు పెట్టు కాలమున పట్టుట మాన్పించుదురు. అశోకుని నిషిద్ధదినములు, కౌటిల్యుని రుసుము, కాకతీయుల ఊరిబాధ్యత, ఈ మూడును ఒక నియమములో కలిసినట్లున్నవి.

శ్రోతలు గమనింతురు గాక! ఇచ్చట నివాసమొక్కటి చాలదు. వృత్తియు కావలెను, పనితనమును కావలెను. ఊరిలో మేడ కట్టుకొన్న వర్తకుడు నివాసియే యైనను జాలరి కాడు. పొరుగూరి జాలరి నిపుణుడే యైనను ఈ చెరువు వానిది కాదు. మూడును కలిసినవానికే వల. ఈ నియమము వలన ఎందరో పేదలకు మేలు కలిగినది. కాని చిక్కులును కలవు. గంగపుత్రులు, ముదిరాజులు మొదలగు కులముల నడుమ సభ్యత్వమును గూర్చి వివాదములు వచ్చుచున్నవి. చేపలు పట్టుట తమ కులవృత్తియని ఒకరు, తరతరములుగా తామును అదే చెరువులో వల వేయుచున్నామని మరియొకరు వాదించుచున్నారు. నివాసమును నిరూపించుట సులభము. వృత్తిని నిరూపించుట కష్టము. ఎవరి పూర్వులు ముందో తేల్చుట మిక్కిలి కష్టము.

ఈ వివాదములు ఇటీవల తీవ్రమగుటకు కారణము కలదు. ఒకప్పుడు జనగామ మెట్టప్రాంతపు చెరువులు మాఘము దాటకముందే ఎండెడివి. నాలుగు జెల్లలకై ఎవరును తగవాడెడివారు కారు. దేవాదుల ఎత్తిపోతల పథకమున గోదావరి నీరు ఏటూరునాగారము యొద్దనుండి ఎక్కి వచ్చి స్టేషన్ ఘనపురము, అశ్వరావుపల్లి, బొమ్మకూరు జలాశయములను నింపజొచ్చినది. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీయబడినది. రాష్ట్రమున సుమారు 46 వేల చెరువులు ఆ లెక్కకు వచ్చినవి. 2016లో ప్రభుత్వము చేపపిల్లలను ఉచితముగా చెరువులలో విడుచుట ప్రారంభించినది. ఆ యేటనే కొర్రమట్ట రాష్ట్ర మత్స్యమైనది. నీరు నిలిచినది, రవ్వ, బొచ్చ ఎదిగినవి, ధర పెరిగినది. ధరతోపాటు “నీవు ఈ ఊరివాడవా?” అను ప్రశ్నయు పెరిగినది.

2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడినవి. 2019 ఫిబ్రవరిలో ములుగు వేరు జిల్లా యయ్యెను. గణపురము భూపాలపల్లిలో నిలిచినది. రామప్ప, లక్నవరము ములుగులోనికి పోయినవి. జిల్లా పేరు మారినంతమాత్రమున ఊరు మారలేదు, చెరువు మారలేదు. 1860లో గోదావరి మధ్య గీత గీచినపుడు అన్నదమ్ములు వేర్వేరు ప్రభుత్వముల క్రిందికి పోయిరి. నేటి గీతలు అంత కఠినమైనవి కావు. చెరువు హక్కు జిల్లాను బట్టి గాక గ్రామమును బట్టి యుండుటయే దీనికి కారణము. నివాసమును ఎంత చిన్న పరిధిలో కొలిచినచో అంత సత్యమునకు దగ్గరగా నుండునని దీనివలన తెలియుచున్నది.

అడవిలోని నీటికి 2006 నాటి అటవీహక్కుల చట్టము క్రొత్త వెలుగు నిచ్చినది. నీటివనరులలోని చేపలపై సముదాయమునకు గల హక్కును ఆ చట్టము పేర్కొని గుర్తించినది. గూడూరు, కొత్తగూడ, గంగారము మొదలగు మన్యమండలముల కోయగూడెములకు ఇది ముఖ్యమైన విషయము. అంతకుముందు 1996లో వచ్చిన కేంద్రచట్టము షెడ్యూల్డు ప్రాంతములలోని చిన్న నీటివనరుల నిర్వహణమును పంచాయతులకు అప్పగించెను. అయితే అటవీహక్కుల చట్టమే సంప్రదాయపు హక్కులనెల్ల లెక్కించుచు, వేటాడుటను ఉచ్చులు పన్నుటను మాత్రము స్పష్టముగా మినహాయించినది. చేప మీద హక్కు కలదు. దుప్పి మీద లేదు. ఇరువది శతాబ్దుల వేట, వల కథకు ఒకే వాక్యములో ముగింపు ఇది.

ఆ చట్టమున నివాసనియమమొకటి కలదు. అడవిలో నివసించు షెడ్యూల్డు తెగలవారు 2005 డిసెంబరు 13 నాటికి అచ్చట నివాసులై, జీవనమునకు అడవిపై ఆధారపడినచో చాలును. తెగలకు చెందని తక్కినవారు మూడు తరములుగా నివాసులై యుండవలెను. తరమనగా 25 యేండ్లు; మూడు తరములనగా 75 యేండ్లు. అనగా సుమారు 1930 నాటికే తాతముత్తాతలు ఆ అడవిలో నున్నట్లు చూపవలెను. మన్యపు చెరువుగట్టున నాలుగు తరములుగా గుడిసె వేసికొన్న బెస్త కుటుంబమునకు 1930 నాటి కాగితమెక్కడిది? ఆనాడు పటేలు పట్వారీల బస్తాలలో భూమి గలవాని పేరుండెను గాని, వల గలవాని పేరు ఏల యుండును? చట్టమును వ్రాసినవారు ఈ చిక్కు నెరిగి, ఊరి వృద్ధుల వాఙ్మూలమును కూడ సాక్ష్యముగా స్వీకరింపవచ్చునని నియమావళిలో చేర్చిరి. గ్రామసభ యెదుట ఒక ముదుసలి లేచి “వీని తాత నా చిన్ననాడే ఇచ్చట వల వేసెను” అని పలికినచో అదియు లెక్కకు వచ్చును. నివాసమునకు నిజమైన దస్తావేజు పొరుగువాని జ్ఞాపకమే కదా!

ఇప్పుడు అమెరికా సంగతికి మరల వత్తము. 1948లో అచ్చటి సర్వోన్నత న్యాయస్థానము దక్షిణ కరోలినా రాష్ట్రపు రొయ్యల నియమమును విచారించెను. ఆ రాష్ట్రము తన నివాసి పడవకు 25 డాలర్లు, పరాయి పడవకు 2,500 డాలర్లు రుసుము పెట్టెను. పొరుగు జార్జియా జాలరులు మొరపెట్టుకొనగా న్యాయస్థానము ఆ భేదమును కొట్టివేసెను. రొయ్యలు పట్టుట వారికి జీవనము. జీవనమునకు సరిహద్దు గోడ కట్టరాదని దాని సారము. 1978లో మొంటానా రాష్ట్రపు వేట లైసెన్సు వ్యాజ్యము వచ్చెను. ఎల్కు అను పెద్దజాతి లేడిని వేటాడుటకు నివాసికి 9 డాలర్లు. పరాయివాడు ఇతర వేటలతో కలిపి 225 డాలర్ల లైసెన్సు కొనితీరవలెను. న్యాయస్థానము దానిని సమర్థించెను. ఎల్కు వేట వినోదము. వినోదము విషయమున తన పన్నులతో అడవిని కాపాడుకొన్న నివాసికి రాష్ట్రము దయ చూపవచ్చునని దాని భావము.

ఈ రెండు తీర్పులను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో మనము కాకతీయుల కట్టమీదికే తిరిగి వత్తుము. వినోదము వేరు, జీవనము వేరు. కాపాడినవానికి హక్కు. టెక్సాసునకు పోయిన తెలుగు యువకుడు అచ్చట ఆరు నెలలకు పైగా ఎడతెగక నివసించినచో నివాసి ధరకే చేపల లైసెన్సు కొనవచ్చును. ఆరు నెలలలో వాడు అచ్చటి చెరువునకు స్థానికుడగును. మన మన్యమున బెస్తవానికి డెబ్బదియైదేండ్లు కావలెను. ఈ రెండంకెలను చూచి ఒకటి ఉదారమనియు, ఒకటి కఠినమనియు తొందరపడి పలుకరాదు. అచ్చట అడుగుచున్నది సెలవునాటి సరదాకు. ఇచ్చట అడుగుచున్నది తరతరముల హక్కునకు. అయినను సరదాకు ఆరు నెలలు చాలినపుడు, కూటికి డెబ్బదియైదేండ్ల ఋజువు అడుగుట ఎట్టిదో ఆలోచింపవలసియే యున్నది.

చరిత్ర మనకు చెప్పుచున్నది ఇంతియే. నివాసనియమము బలహీనుని కూటిని బలవంతుని ధనమునుండి కాపాడినపుడు అది ధర్మము. నిన్న మొన్న వచ్చిన పేదవానిని నేటి పేదవాడు తరిమివేయుటకు సాధనమైనపుడు అది అధర్మము. రెంటిని వేరుచేయుటకు ఏ ఫర్మానాయు చాలదు. ఊరి పెద్దలు కట్టమీద కూర్చుండి, ఎవడు పూడిక తీసెను, ఎవడు గండి కట్టెను, ఎవని పిల్లలు ఈ నీటిమీద బ్రతుకుచున్నారు అని అడిగికొనవలెను. ఆ ప్రశ్నలకు సమాధానము దొరికిన చోట చేప ఎవరిదో తెలియును.

బయ్యారము చెరువుకట్ట మీద మైలాంబ నిలిపిన శాసనమున రాజుల పేర్లున్నవి. మట్టి మోసినవారి పేర్లు లేవు. వారి మనుమల మనుమలు నేడును ఆ చుట్టుపట్ల గ్రామములలో వలలు ఆరవేసికొనుచుండవచ్చును. వారిని “నీవు ఈ ఊరివాడవా?” అని అడుగువారు ముందు ఆ కట్టను ఒకమారు చూచి అడుగుదురు గాక.